‘ఎస్. హాకెన్’ ముద్ర ఉన్న మజిల్‌లోడర్ రైఫిల్: తయారీదారునీ కాలాన్నీ తేల్చిన విధానం

పరీక్ష కోసం నా దగ్గరకు వచ్చిన ఆయుధం మజిల్‌లోడర్, అంటే మూతి వైపు నుంచి మందు పోసి గుండు దట్టించే, పెర్కషన్ క్యాప్‌తో (హామర్ దెబ్బకు నిప్పు పుట్టించే చిన్న లోహపు టోపీతో) పేలే పాత తరహా రైఫిల్. బ్యారెల్ ఎనిమిది పలకలది. స్టాక్, అంటే చెక్క భాగం, బ్యారెల్ పొడవులో సగం వరకే వస్తుంది. అక్కడి నుంచి మూతి దాకా దట్టించే కడ్డీని పట్టి ఉంచడానికి బ్యారెల్ అడుగున సన్నటి ఇనుప పట్టీ ఉంది. ఇనుప సామానంతా ముదురు గోధుమ రంగులో ఉంది, చెక్క నల్లబడి ఉంది, ట్రిగ్గర్లు రెండు. పై పలక మీద, వెనుక సైట్‌కు కాస్త ముందు, ‘ఎస్. హాకెన్ సెయింట్ లూయిస్’ అని ఇంగ్లిషు అక్షరాల ముద్ర ఉంది. ఆ ముద్ర ఆధారంగానే దీన్ని 1850ల నాటి అసలు హాకెన్ రైఫిల్‌గా అమ్మకానికి పెట్టారు. కొనదలచిన వ్యక్తి నన్ను అడిగినవి రెండే ప్రశ్నలు: దీన్ని ఎవరు చేశారు, ఎప్పుడు చేశారు?

ఆ పేరుకు ఉన్న విలువను ముందుగా చెప్పుకోవాలి. జేకబ్, శామ్యూల్ హాకెన్ అనే అన్నదమ్ములు అమెరికాలోని సెయింట్ లూయిస్ పట్టణంలో రైఫిళ్లు చేసేవారు. రాకీ పర్వతాల వైపు బొచ్చు వేటకూ వ్యాపారానికీ వెళ్లేవాళ్లు బరువైన, పెద్ద గుండు పేల్చే వాళ్ల రైఫిళ్లను కోరి కొనుక్కునేవారు. 1849లో కలరా సోకి జేకబ్ చనిపోయాడు. అప్పటిదాకా ఇద్దరి పేర్ల తొలి అక్షరాలతో పడిన ముద్ర ఆ తర్వాత ‘ఎస్. హాకెన్’ అయింది. 1862లో దుకాణం జె. పి. గెమ్మర్ చేతికి వెళ్లి, 1915లో మూతపడింది. అసలు రైఫిళ్లు తక్కువ, వాటిని కోరేవాళ్లు ఎక్కువ. దానికి తోడు ఇరవయ్యో శతాబ్దం రెండో సగంలో ఇదే ఆకృతిలో నకళ్లు పెద్ద సంఖ్యలో తయారయ్యాయి. కాబట్టి హాకెన్ ముద్ర కనబడినప్పుడు దాన్ని రుజువు కావలసిన ఒక వాదనగానే చూస్తాను తప్ప సాక్ష్యంగా లెక్కించను.

కాలం తేల్చడానికి ధరతో సంబంధం లేని కారణం కూడా ఒకటి ఉంది. అమెరికాలో 1968 నాటి గన్ కంట్రోల్ యాక్ట్ 1898లో గానీ అంతకు ముందు గానీ తయారైన ఆయుధాలను పురాతనమైనవిగా గుర్తిస్తుంది. నకలు మజిల్‌లోడర్లలో చాలావాటికి కూడా ఆ మినహాయింపు వర్తిస్తుంది కానీ వేరే నిబంధన కింద. అందుచేత నివేదికలో సంవత్సరం రాసేటప్పుడు దాని ఆధారం కూడా రాయవలసి ఉంటుంది.

ముందు భద్రత

ఈ తరహా తుపాకీని విప్పే ముందు అందులో మందు లేదని నిర్ధారించుకోవాలి. పాత మజిల్‌లోడర్లు దట్టించిన మందుతోనే దశాబ్దాలు గడిపిన సందర్భాలు ఉన్నాయి, పొడిగా ఉన్న తుపాకి మందు ఎన్నేళ్లయినా చావదు. మామూలు పద్ధతి ఏమిటంటే, కడ్డీని మూతి నుంచి లోపలికి దించి, మూతి దగ్గర గుర్తు పెట్టి, అదే కడ్డీని బయట బ్యారెల్ పక్కన ఆనించి, దాని కొస నిప్పిల్ (క్యాప్ కూర్చునే చిన్న గొట్టం) దాకా చేరుతున్నదో లేదో చూడటం. ఈ రైఫిల్‌లో కొస కాస్త ముందే ఆగింది. హుక్ బ్రీచ్ ఉన్న (బ్యారెల్ వెనుక కొస కొక్కెంతో తగులుకునే) రైఫిళ్లలో మందు గది బ్యారెల్ రంధ్రం కంటే ఇరుకుగా ఉండవచ్చు. అప్పుడు కడ్డీ ఖాళీ తుపాకీలోనైనా ముందే ఆగుతుంది, కాబట్టి ఆ ఒక్క కొలతతో ఏదీ తేలదు. హామర్‌ను సగం మెట్టు మీద (సగం వెనక్కి లాగితే ఆగే చోట) ఉంచి, నిప్పిల్ తీసి, మూతి వైపు నుంచి తక్కువ ఒత్తిడితో గాలి పంపితే అడ్డంకి లేకుండా బయటికి వచ్చింది. మరసూది లాంటి కొస ఉన్న శుభ్రపరిచే కడ్డీకి కూడా గుడ్డ గానీ సీసం గానీ తగల్లేదు. ఆ తర్వాతే పని మొదలుపెట్టాను.

బయటి కొలతలు

బ్యారెల్ పొడవు 32 అంగుళాలు, పలక నుంచి ఎదుటి పలకకు అడ్డం 23.8 మిల్లీమీటర్లు, అంటే అంగుళంలో పదహారింట పదిహేను వంతులు. రంధ్రం 50 క్యాలిబర్, మిల్లీమీటర్లలో 12.7. మొత్తం బరువు నాలుగు కిలోలకు కాస్త తక్కువ. హాకెన్ల పర్వత రైఫిళ్లలో బ్యారెల్ సాధారణంగా అంగుళం మందానికి తగ్గదు, ఆయుధం బరువు చాలావరకు నాలుగున్నర కిలోల పైనే ఉంటుంది. అయితే వాళ్లు గిరాకీ కోరినట్టు చేసిచ్చేవాళ్లు కాబట్టి తేలికైన రైఫిల్ అసలు ఉండదని అనలేం. బరువు అనుమానాన్ని పెంచుతుంది, తీర్పు ఇవ్వదు.

బ్యారెల్ వాలు ఇంకాస్త పనికొచ్చే కొలత. చేత్తో చేసిన పాత బ్యారెళ్లు వెనుక లావుగా ఉండి మూతి వైపు కొంచెం కొంచెంగా సన్నబడటం తరచుగా కనిపిస్తుంది. ఇది మొదటి నుంచి చివరి దాకా ఒకే మందం, ఒక్కచోట మాత్రమే తేడా. ఆ చోటు గురించి తర్వాత చెబుతాను. బిగువైన గుడ్డ చుట్టిన కడ్డీని లోపలికి తోసి, అది ఎంత దూరానికి ఎంత తిరిగిందో చూస్తే, రైఫిలింగ్ (రంధ్రం లోపలి మెలిక గాడులు) 60 అంగుళాలకు ఒక చుట్టు తిరుగుతున్నట్టు తేలింది. అసలు హాకెన్లలో సాధారణంగా చెప్పే చుట్టు 48 అంగుళాలకు ఒకటి. నకళ్లలో 48 చుట్టుతో చేసినవి కూడా ఎన్నో ఉన్నాయి. కాబట్టి 48 వచ్చి ఉంటే ఆ సంఖ్య ఎటూ మొగ్గేది కాదు. 60 రావడం మాత్రం వెతకవలసిన తయారీదారుల జాబితాను బాగా కుదించింది.

రైఫిల్‌లోని మిగతా పైపై లక్షణాలన్నీ హాకెన్ పద్ధతికి సరిపోతున్నాయి. ఇత్తడికి బదులు ఇనుప సామాను, స్టాక్‌లోకి అడ్డంగా దిగి బ్యారెల్‌ను పట్టి ఉంచే రెండు మేకులు, వాటి చుట్టూ కోడిగుడ్డు ఆకారపు పలుచని రేకులు, వెనుకకు సాగిన పొడవాటి టాంగ్ (లోహపు తోక), నత్త గుల్ల ఆకారపు బ్రీచ్, సుడి తిరిగిన ట్రిగ్గర్ గార్డ్, కదలని చిన్న సైట్. ఇత్తడి సామాను పెట్టి హాకెన్ అని పేరు తగిలించిన ఇరవయ్యో శతాబ్దపు రైఫిళ్లతో పోలిస్తే ఇది అసలు ఆకృతిని ఎంతో శ్రద్ధగా అనుసరించింది. చూపు మీదే ఆధారపడే కొనుగోలుదారు దీని దగ్గర మోసపోవడం తేలిక.

స్టాక్ వాల్‌నట్ చెక్క. హాకెన్లు ఎక్కువగా మేపుల్ వాడారు. వాల్‌నట్ కూడా కొన్నింట ఉంది, అందుచేత చెక్క జాతి దగ్గర ఎక్కువ సేపు ఆగలేదు.

పేరు ఎక్కడ ఉంటుంది, తయారీదారు ఎక్కడ ఉంటాడు

పాత తుపాకుల విషయంలో పేరు గురించి ఒక మాట చెప్పాలి. గుమ్మం మీద కనిపించే పేరు ఇంటి యజమానిది తప్ప ఇల్లు కట్టిన మేస్త్రీది కాదు. తుపాకి మీద ఎదుటగా కనిపించే పేరు కూడా చాలాసార్లు అంతే. పందొమ్మిదో శతాబ్దంలో అమెరికన్ గన్‌స్మిత్‌లు లాక్‌లను (హామర్‌ను నడిపే యంత్రాంగాలను) టోకు వ్యాపారుల దగ్గర కొని బిగించేవారు. అందుకే ఫిలడెల్ఫియాకు చెందిన జోసెఫ్ గోల్చర్ పేరున్న లాక్ ప్లేట్లు ఎందరో వేర్వేరు తయారీదారుల రైఫిళ్ల మీద కనిపిస్తాయి. ఆ పేరు చూసి రైఫిల్ మొత్తాన్ని గోల్చర్‌కు కట్టబెట్టడం మామూలుగా జరిగే పొరపాటు. ఇరవయ్యో శతాబ్దపు నకళ్లలో ఇదే సంగతి మరో రూపంలో వస్తుంది. ఇటలీలోనో స్పెయిన్‌లోనో తయారైన రైఫిల్ మీద కనిపించే చోట దిగుమతిదారు పేరో అమ్మకందారు పేరో ఉంటుంది, తయారీ చరిత్ర బ్యారెల్ అడుగున చెక్క చాటున ఉంటుంది. అందుకే కొలతలు ముగిశాక పై పలక మీది ముద్రను అక్కడే వదిలేసి, మొదట బ్యారెల్‌ను స్టాక్ నుంచి వేరు చేశాను.

మేకులు రెండూ ఎడమ వైపు నుంచి కుడికి నెట్టి తీసి, హామర్‌ను వెనక్కి లాగి, మూతిని మెల్లగా పైకి ఎత్తితే హుక్ తనంతట వదులుతుంది. బ్రీచ్ ప్లగ్‌ను (బ్యారెల్ వెనుక కొసను మూసే బిరడాను) మాత్రం విప్పలేదు, విప్పవద్దనే అందరికీ చెబుతాను. దాన్ని తిప్పడానికి చేసే బలప్రయోగంలో పలకల అంచులు చెడతాయి, తిరిగి బిగించినప్పుడు సరైన కోణంలో కూర్చోకపోతే ఆయుధమే ప్రమాదకరం అవుతుంది. అక్కడ దొరికే సమాచారం అంత నష్టానికి తగదు.

బ్యారెల్ అడుగు

చెక్కలో కూర్చునే అడుగు పలకల మీద, బ్రీచ్‌కు దగ్గరగా, ముద్రలు స్పష్టంగా ఉన్నాయి. ఐదు మూలల నక్షత్రం, దాని కింద ‘పి’, ‘ఎన్’ అనే రెండు అక్షరాలు. మరో నక్షత్రం కింద డాలు ఆకారపు ముద్ర. చిన్న చతురస్రంలో ‘ఏ’, ‘ఎం’ అక్షరాలు. అంకెలతో ఒక వరుస సంఖ్య. వీటిలో ఏ ఒక్కటీ పందొమ్మిదో శతాబ్దపు సెయింట్ లూయిస్‌కు చెందదు. డాలు ముద్ర ఇటలీలోని గార్దొనే వాల్ త్రోంపియాలో ఉన్న జాతీయ ప్రూఫ్ హౌస్‌ది. అక్కడ ప్రతి బ్యారెల్‌లోనూ మామూలు మోతాదును మించిన మందు పెట్టి పేల్చి, తట్టుకున్నవాటికే ముద్ర వేస్తారు. పి, ఎన్ అక్షరాలు ఆ పరీక్ష బ్లాక్ పౌడర్‌తో, అంటే పాత తరహా నల్ల మందుతో, జరిగిందని చెబుతాయి.

చతురస్రంలోని రెండక్షరాలు పరీక్ష జరిగిన సంవత్సరానికి సంకేతం. గార్దొనే ప్రూఫ్ హౌస్ 1954 నుంచి రోమన్ అంకెల సంకేతాన్ని వాడింది; 1964కు రెండు ఎక్స్‌లు, 1974కు మూడు ఎక్స్‌లు. 1975 నుంచి అక్షరాల జంటలు మొదలయ్యాయి: ‘ఏ-ఏ’ 1975, ‘ఏ-బి’ 1976, అలా సాగుతుంది. ఇక్కడ జాగ్రత్త అవసరం. ఇంగ్లిషు వర్ణమాలను వరుసగా లెక్కపెట్టి ‘ఏ-ఎం’ అంటే 1987 అని రాసిన వివరణలు నేను చూశాను, అది తప్పు. ఇటాలియన్ సంకేతం ‘జి’ని వదిలి ‘ఎఫ్’ నుంచి ‘హెచ్’కు వెళుతుంది, ఇటాలియన్ వర్ణమాలలో లేని ‘జె’, ‘కె’ ఎలాగూ రావు. అందుచేత 1980 ‘ఏ-ఎఫ్’, 1981 ‘ఏ-హెచ్’, 1982 ‘ఏ-ఐ’, 1983 ‘ఏ-ఎల్’, 1984 ‘ఏ-ఎం’. బ్యారెల్ పరీక్ష 1984లో జరిగింది. స్పెయిన్‌లోని ఐబార్ ప్రూఫ్ హౌస్ పద్ధతి వేరు. అక్కడ అక్షరం పక్కన అంకె ఉంటుంది, ‘ఏ-1’ 1955ను, ‘ఏ-2’ 1981ని సూచిస్తాయి. రెండు పద్ధతుల్లోనూ ‘ఏ’ అక్షరం ఉన్నంత మాత్రాన ఒకదాని పట్టికతో మరొకదాన్ని చదవకూడదు. ముందు ఏ ప్రూఫ్ హౌస్ ముద్రో తేల్చుకుని, ఆ తర్వాతే సంవత్సరం చూడాలి.

1984 అన్నది పరీక్ష సంవత్సరం మాత్రమే. ఆ బ్యారెల్ దిగుమతై, అమ్ముడై, పూర్తి రైఫిల్‌గా రూపొందడం అదే ఏడాదిలో జరగనక్కర్లేదు. అంతకు ముందు జరగలేదన్నది మాత్రం ఖాయం.

లాక్ లోపల

లాక్ ప్లేట్ బయట పేరు ఏదీ లేదు. తీసి తిప్పి చూస్తే హామర్‌ను నడిపే ప్రధాన స్ప్రింగ్ చుట్టలు చుట్టినది. 1850ల లాక్‌లో అక్కడ రెండుగా మడిచిన రేకు స్ప్రింగ్ ఉంటుంది, చుట్ట స్ప్రింగ్ ఇరవయ్యో శతాబ్దపు కర్మాగారపు ఎంపిక. లాక్‌ను పట్టి ఉంచే స్క్రూ చుట్లకు కొలత పళ్ల గేజి ఆనించి చూస్తే మెట్రిక్ కొలతకే సరిగ్గా కూర్చుంది. స్క్రూ ఎప్పుడైనా మార్చి ఉండవచ్చు కాబట్టి దాని ఒక్కదాని మీద ఆధారపడకుండా, అది దిగే ప్లేట్ రంధ్రాన్ని కూడా చూశాను. అక్కడా మెట్రిక్ చుట్లే, తిరిగి కోసిన జాడ లేదు. చేతి పనిముట్లతో అమెరికాలో కోసిన పాత స్క్రూకు మెట్రిక్ చుట్లు రావడానికి కారణమే లేదు.

ప్రూఫ్ ముద్ర దేశాన్నీ సంవత్సరాన్నీ చెప్పింది గానీ తయారీదారును చెప్పలేదు. వాల్ త్రోంపియా లోయలో తుపాకులు చేసే సంస్థలు చాలా ఉన్నాయి, గార్దొనే ముద్ర వాటన్నిటికీ ఒకటే. 60 అంగుళాల చుట్టు, 32 అంగుళాల బ్యారెల్, ఆ మందం, రెండు మేకులు, ఇనుప సామాను, చుట్ట స్ప్రింగ్ లాక్: వీటన్నిటి కలయిక ఇన్వెస్టార్మ్ అనే ఇటాలియన్ సంస్థ చేసి, అమెరికాలో లైమన్ కంపెనీ గ్రేట్ ప్లెయిన్స్ రైఫిల్ అనే పేరుతో అమ్మిన నమూనాకు సరిపోతుంది. ఇదే సంస్థ కబేలాస్ వంటి ఇతర అమ్మకందారులకు కూడా హాకెన్ తరహా రైఫిళ్లు చేసింది. కానీ వివరణ సరిపోవడం వేరు, భాగాలు సరిపోవడం వేరు. ముద్రలు చెడని గ్రేట్ ప్లెయిన్స్ రైఫిల్ ఒకటి పోలికకు అందుబాటులో ఉంది. దాని లాక్ తీసి ఈ స్టాక్ గాడిలో పెడితే చెక్కను ఎక్కడా ఒరుసుకోకుండా దిగి, స్క్రూ రంధ్రం తిన్నగా ఎదురుబడింది. దాని బ్యారెల్ హుక్ ఈ టాంగ్‌లోకి సాఫీగా కూర్చుంది, మేకులు రెండూ చేత్తో నెడితే వెళ్లాయి. ఒక్కొక్కటీ చేత్తో అమర్చిన పాత రైఫిళ్లలో రెండింటి భాగాలు ఇలా ఒకదానికొకటి మారవు. తయారీదారు ఇన్వెస్టార్మ్ అని నివేదికలో రాయడానికి నాకు ఇది చాలు.

పై పలక, రెండు చేతుల పని

ఇక ముద్ర. పై పలక మీద వెనుక సైట్‌కు ముందు ఇనుప కొలబద్ద అంచును నిలువుగా ఆనించి వెనుక నుంచి దీపం పెడితే, ముద్ర ఉన్న చోట సన్నటి వెలుతురు కనిపించింది. వెర్నియర్ కాలిపర్‌తో పై పలక నుంచి అడుగు పలకకు కొలిస్తే మిగతా చోట్ల 23.8 మిల్లీమీటర్లు, అక్కడ 23.5. పలకల మధ్య అంచులు కూడా ఆ మేరకు గుండ్రబడ్డాయి. అక్కడ ఏదో రాత ఉండేది, దాన్ని ఆకురాయితో రాసి తీసేశారు. దిగుమతిదారు పేరు, క్యాలిబర్, బ్లాక్ పౌడర్ మాత్రమే వాడాలన్న హెచ్చరిక ఇలాంటి రైఫిళ్ల బ్యారెల్ మీద ఉంటాయి.

ఇది వెంటనే మోసానికి రుజువు అనిపిస్తుంది. నేను అలా తీర్మానించలేదు, కారణం మిగతా బ్యారెల్‌లోనే ఉంది. బయటికి కనిపించే పలకలన్నిటి మీదా ఆకురాయి పొడవునా లాగిన సన్నని గీతలు ఉన్నాయి. చెక్కలో దాగే పలకల మీద మాత్రం కర్మాగారపు యంత్రం వదిలిన అడ్డగీతలు అలాగే ఉన్నాయి. టాంగ్ చుట్టూ చెక్క గాడి గీత దాటి తొలిచి, ఆ సందును చెక్కపొడి కలిపిన జిగురుతో నింపారు. లాక్ ప్లేట్ చుట్టూ చెక్కను గరుకు కాగితంతో మోతాదుకు మించి రుద్దడంతో ప్లేట్ అంచు చెక్క కంటే పైకి లేచి ఉంది. కర్మాగారంలో పూర్తయిన రైఫిల్‌లో ఈ లోపాలు ఉండవు. ఈ నమూనా భాగాల కిట్‌గా కూడా అమ్ముడైంది. కొన్నవాళ్లు ఇంట్లో చెక్కను చెక్కి, బ్యారెల్‌ను ఆకురాయితో సాపు చేసి, తుప్పు రంగు పూత వేసుకునేవాళ్లు. పాత తరహా రూపం కోసం ఆధునిక రాతలను రాసి తీసేయడం ఆ అభిరుచి ఉన్నవాళ్లలో మామూలే, అందులో వంచన ఉద్దేశం ఉండనక్కర్లేదు.

ముద్ర కొట్టిన చేయి మాత్రం వేరని నా నిర్ణయం. పది రెట్ల భూతద్దం కింద చూస్తే గోధుమ రంగు పూత ఆకురాయి గీతల లోతుల దాకా సమానంగా దిగి ఉంది. అక్షరాల గాడుల్లో అది లేదు. వాటిలో నల్లటి మైనం కూరి ఉంది. చెక్కపుల్లతో కాస్త మైనం తీస్తే కింద మెరిసే లోహం బయటపడింది. పూత వేసినప్పటికే ముద్ర ఉండి ఉంటే గాడుల అడుగుకూ రంగు పట్టేది. అంటే రైఫిల్ పూర్తయి, పూత పడిన తర్వాతే అక్షరాలు కొట్టారు. అవి విడివిడి అచ్చులతో ఒక్కొక్కటిగా కొట్టినవి. ‘కె’ అక్షరం పక్కవాటి కంటే లోతుగా దిగి కొద్దిగా కుడికి వాలింది, ‘ఎన్’ కాలు ఒకటి సరిగా పడలేదు. అక్షరాల చుట్టూ పైకి లేచిన లోహపు గట్లు వేలి గోరుకు తగులుతున్నాయి. నూటయాభై ఏళ్లు చేతులు మారిన ముద్ర చుట్టూ ఆ గట్లు ఏనాడో అరిగిపోయి ఉండేవి. మెరుపు కనిపించకుండా మైనం పూయడం అభిరుచి కోసం చేసే పని కాదు.

నివేదికలో రాసినది

తయారీదారు ఇన్వెస్టార్మ్, ఇటలీ. బ్యారెల్ 1984లో గార్దొనే వాల్ త్రోంపియాలో బ్లాక్ పౌడర్ పరీక్షకు నిలిచింది. కిట్‌గా అమ్ముడై, కర్మాగారం బయట పూర్తయింది. పై పలక మీది హాకెన్ ముద్ర పూత పడిన తర్వాత మరొకరు కొట్టినది. మొదటి అంశానికి భాగాల మార్పిడి, రెండోదానికి ప్రూఫ్ ముద్రలు, మూడోదానికి ఆకురాయి గీతలూ చెక్క పనీ, నాలుగోదానికి అక్షరాల గాడుల్లోని మెరుపు ఆధారాలుగా, ఫోటోలతో సహా జతపరిచాను. రాసి తీసేసిన రాత లైమన్‌దా మరొక అమ్మకందారుదా అన్నదాని మీద ఈ నాలుగింటిలో ఏదీ ఆధారపడలేదు.

అడిగిన వ్యక్తి ఆ తర్వాత మరో ప్రశ్న వేశారు: దీన్ని పేల్చవచ్చా? పై పలక నుంచి పోయింది 0.3 మిల్లీమీటర్లు. బ్యారెల్ గోడ రైఫిలింగ్ గాడులు తీసివేయగా కూడా ఐదు మిల్లీమీటర్ల పైనే ఉంది, ఆ తరుగు మందు గది మీద కాకుండా ముందుకు పడింది. రంధ్రంలో గుంటలు లేవు, హామర్ సగం మెట్టు మీద గట్టిగా నిలుస్తోంది, సెట్ ట్రిగ్గర్ (రెండు ట్రిగ్గర్లలో రెండోదాన్ని తేలికగా పేలేలా సిద్ధం చేసేది) తట్టినా జారడం లేదు. గుడ్డ చుట్టిన గుండ్రటి సీసం గుండుతో, బ్లాక్ పౌడర్‌తో మాత్రమే, తయారీదారు సూచించిన మోతాదుకు లోబడి వాడుకోవచ్చని రాశాను. పొగ రాని ఆధునిక మందు చిటికెడైనా వాడకూడదని దాని కిందనే వేరే వాక్యంగా పెట్టాను, ఎందుకంటే ఆ హెచ్చరిక ఉండవలసిన చోట ఇప్పుడు హాకెన్ పేరు ఉంది.

నకలు ధరకు ఆయన రైఫిల్ కొన్నారు. దొంగ ముద్రను రాసి తీసేయమని అడిగితే నేను ఒప్పుకోలేదు. రెండోసారి రాస్తే పలక మరింత పలుచబడుతుంది, గాడుల్లోని సాక్ష్యమూ పోతుంది, కింద ఏ రాత లేని ఖాళీ పలక తర్వాతి మోసగాడికి మరింత అనువుగా తయారవుతుంది. దానికి బదులు బ్యారెల్ అడుగున, ప్రూఫ్ ముద్రలకు దూరంగా, పై ముద్ర తర్వాత చేర్చినదని చిన్న అక్షరాలతో చెక్కించుకోమని సూచించాను. ఆయన అలాగే చేయించారు.